సైమీన్ రుథేనియం డైమర్: ఎన్‌ఎమ్‌ఆర్ పీకులు కలవడం లేదు, కాటలిస్టు మూడో వంతు దగ్గరే ఆగిపోతోంది

గాజుకుప్పె

అందరికీ నమస్కారం. పరిశోధనలో చేరి నాలుగు నెలలైంది. ఆర్గానోమెటాలిక్ పని ఇదే మొదలు. పారా-సైమీన్ రుథేనియం డైక్లోరైడ్ డైమర్ (రెండు రుథేనియాలు జంటగా ఉన్న సమ్మేళనం, కాటలిస్టుకి ముడిసరుకు) నేనే చేసుకోమన్నారు. చేశాను. ఇప్పుడు రెండు చిక్కులొచ్చాయి, విడివిడివో ఒకటేనో తెలియడం లేదు.

చేసిన పద్ధతి: హైడ్రేటెడ్ రుథేనియం ట్రైక్లోరైడ్ 1 గ్రాము, ఇథనాల్ 50 మి.లీ., ఆల్ఫా-ఫెలాండ్రీన్ 5 మి.లీ. నైట్రోజన్ కింద 4 గంటలు రిఫ్లక్స్ (ఆవిరి చల్లారి తిరిగి కుప్పెలోకే వచ్చేలా మరిగించడం). చల్లారాక ఎర్రటి గోధుమ రంగు సన్నని స్ఫటికాలు దిగాయి. వడగట్టి, ఒక్కసారి చల్లటి ఇథనాల్‌తో కడిగి, గాలికి ఆరబెట్టాను. 0.86 గ్రాములు వచ్చింది. 73 శాతం అని లెక్క వేసుకున్నాను.

మొదటి చిక్కు: డీఎమ్ఎస్ఓ-డీ6 (డ్యుటీరియం ఉన్న డైమిథైల్ సల్ఫాక్సైడ్ ద్రావణి)లో ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ (అణువులో ఒక్కో హైడ్రోజన్ ఎలాంటి చోట ఉందో చూపే స్పెక్ట్రం) తీశాను. ఆరోమాటిక్ డబ్లెట్లు (వలయం హైడ్రోజన్ల జంట గీతలు) 5.34, 5.47 పీపీఎమ్ దగ్గర రావాలని చదివాను. నాకు 5.77, 5.82 దగ్గర వచ్చాయి. పైగా 7.1 దగ్గర చిన్న పీకు ఒకటి ఉంది.

రెండోది: దీన్ని టీఎస్-డీపెన్ అనే లిగాండ్‌తో (లోహాన్ని పట్టుకునే అణువు) కలిపి, ఐసోప్రొపనాల్, కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్)తో అసిటోఫినోన్ అనే కీటోన్‌ని ఆల్కహాల్‌గా రెడ్యూస్ చేశాను. 15 గంటలకు 34 శాతం మార్పిడి, అక్కడితో ఆగింది. ఈఈ (ఉత్పత్తి ఎడమ, కుడి రూపాల్లో ఒకటి రెండోదాన్ని మించిన శాతం) 89.

చేసిన పదార్థమే తప్పా? పారేసి మళ్ళీ మొదలుపెట్టాలా? రుథేనియం కదా, పారేయాలంటే చెయ్యి రావడం లేదు.

రాత్రిషిఫ్టు

పారేయకండి! మీరు తీసింది డైమర్ ఎన్‌ఎమ్‌ఆర్ కానే కాదు, అంతే. అదే పొడిని డ్యుటీరియో క్లోరోఫామ్‌లో తీసి చూడండి.

పియానోస్టూల్

రాత్రిషిఫ్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో కూడా తెలిస్తే మీకు ఇక ముందు చాలా పనికొస్తుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ డైమర్‌లో ఒక్కో రుథేనియం మీద ఒక సైమీన్ వలయం టోపీలా కూర్చుని ఉంటుంది. ఆరు కార్బన్లూ లోహాన్ని పట్టుకుంటాయి. కింద మూడు క్లోరైడ్లు కాళ్ళలా ఉంటాయి. అందుకే ఈ ఆకారాన్ని పియానో స్టూల్ అంటారు, నా పేరు అక్కడిదే. ఆ మూడింటిలో ఒకటి ఒక్క రుథేనియానికే సొంతం. మిగిలిన రెండూ పక్క రుథేనియంతో ఉమ్మడి, అవే వంతెనలు. ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి: రుథేనియం రెండో ఆక్సీకరణ స్థితిలో 6, సైమీన్ నుంచి 6, మూడు క్లోరైడ్ల నుంచి తలా 2. మొత్తం 18. అందుకే గాలిలో పెట్టినా ఈ ఘనపదార్థం చెక్కుచెదరదు.

కానీ ఆ వంతెనలు బలహీనమైనవి. జంట ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగిన అణువు ఏది దగ్గరికొచ్చినా వంతెన తెగి, ఖాళీ అయిన చోట ఆ అణువు చేరుతుంది. డైమర్ ఒక్కటి రెండు మోనోమర్లవుతుంది. ఫాస్ఫీన్, పిరిడీన్, అమీన్... అన్నీ ఈ పనే చేస్తాయి. ఈ సమ్మేళనాన్ని అందరూ రియేజెంటుగా వాడేది ఈ గుణం కోసమే. డీఎమ్ఎస్ఓ కూడా చేస్తుంది, సల్ఫర్ వైపు నుంచి రుథేనియాన్ని పట్టుకుంటుంది. మీ ట్యూబులో ఉన్నది సైమీన్, రెండు క్లోరైడ్లు, ఒక డీఎమ్ఎస్ఓ ఉన్న మోనోమర్. 5.77, 5.82 దానివే. ఆ రెండు డబ్లెట్లూ అంత చక్కగా వచ్చాయంటే మీ డైమర్ బాగానే ఉందనుకోవచ్చు.

7.1 మాత్రం వేరే సంగతి. అది లోహం మీద లేని, విడి సైమీన్. లోహం మీద ఎక్కిన వలయంలో ప్రోటాన్లు 5 నుంచి 6 మధ్యకి జరుగుతాయి. విడిగా ఉంటే మామూలు బెంజీన్ వలయాల్లా 7 దాటి కనిపిస్తాయి.

గాజుకుప్పె

పియానోస్టూల్ గారూ, చాలా చాలా కృతజ్ఞతలు. మరి ఆ విడి సైమీన్ ఎక్కడి నుంచి వచ్చింది? డీఎమ్ఎస్ఓ దాన్ని కూడా తోసేసిందా?

పియానోస్టూల్

రెండు దారులున్నాయి. మొదటిది, మీరు అనుకున్నట్టే: డీఎమ్ఎస్ఓ ద్రావణాన్ని వేడి చేసినా, వెలుతురులో చాలాసేపు వదిలేసినా వలయం ఊడొచ్చే అవకాశం ఉంది. కరిగించిన వెంటనే ట్యూబుని ఎన్‌ఎమ్‌ఆర్‌కి పెట్టారా, రాత్రంతా బల్ల మీద ఉందా?

రెండోది కడగడం. ఫెలాండ్రీన్ మీరు చాలా ఎక్కువ పోశారు, పద్ధతే అది. అది రెండు హైడ్రోజన్లు పోగొట్టుకుంటే సైమీన్ అవుతుంది. లోహం మీద ఎక్కగా మిగిలినది ద్రావణంలో ఉంటుంది. దాని బాయిలింగ్ పాయింట్ 177 డిగ్రీలు, గాలికి ఆరబెడితే పోదు. హెక్సేన్‌తో గానీ ఈథర్‌తో గానీ రెండు మూడుసార్లు కడిగి, వ్యాక్యూమ్‌లో ఆరబెట్టండి. డైమర్ వాటిలో కరగదు, భయం లేదు.

గాజుకుప్పె

కరిగించిన వెంటనే పెట్టాను. అంటే కడగడమే. ఈరోజే చేస్తాను.

తూనికరాయి

నాది ఒక్క మాట. 73 శాతం అని ఎలా లెక్క వేశారు? రుథేనియం ట్రైక్లోరైడ్‌ని మూడు నీళ్ళ అణువులతో, 261.5 గ్రాముల అణుభారంతో లెక్కించారా?

గాజుకుప్పె

అవునండీ. 1 గ్రాము అంటే 3.82 మిల్లీమోల్, డైమర్ అందులో సగం, 612.4తో గుణిస్తే 1.17 గ్రాములు రావాలి.

తూనికరాయి

అనుకున్నాను. ఆ సీసాలో ఉన్న పదార్థానికి స్థిరమైన ఫార్ములా లేదు. రసాయన శాస్త్రంలో "ఎక్స్ నీళ్ళు" అని రాసుకుంటాం కదా, ఆ ఎక్స్ సీసా సీసాకీ మారుతుంది. పైగా అందులో నాలుగో ఆక్సీకరణ స్థితి రుథేనియం, ఆక్సో, హైడ్రాక్సో జాతులు కూడా కలిసి ఉంటాయి. మూడు నీళ్ళ ఫార్ములా నిజమైతే రుథేనియం 38.65 శాతం ఉండాలి. లేబుల్ మీద రుథేనియం శాతం అని విడిగా రాసి ఉంటుంది, లెక్క దానితోనే వేయాలి.

ఈ పదార్థం గాలిలో తేమ పీల్చుకుంటుంది. మూత తీసి నింపాదిగా తూచుతూ కూర్చుంటే తూకం కళ్ళ ముందే పెరుగుతుంది. నేను పరిశోధనలో ఉన్నప్పుడు ఒక సీసా మూత సరిగా బిగించక, నెల తర్వాత తెరిస్తే నల్లటి పొడి కాస్తా జిగురు ముద్దయి చెమ్చాకి అంటుకుంది. దాన్నే లేబుల్ శాతంతో లెక్కించి వాడాను. ఆ ఏడాది చేసిన దిగుబడులన్నీ తర్వాత దిద్దుకోవాల్సి వచ్చింది. నోట్‌బుక్ పేజీ తర్వాత పేజీ ఎర్ర సిరాతో కొట్టేసిన రోజులు ఇంకా గుర్తున్నాయి. అప్పటి నుంచి సీసా తెరిచిన తేదీ మూత మీదే రాస్తాను.

గాజుకుప్పె

చూశాను. లేబుల్ మీద రుథేనియం 40.2 శాతం అని ఉంది. అంటే 1 గ్రాములో 3.98 మిల్లీమోల్. రావాల్సింది 1.22 గ్రాములు. నా దిగుబడి 73 కాస్తా 71కి దిగింది.

తూనికరాయి

దిగులు పడకండి. వడగట్టిన ద్రవం పారేశారా?

గాజుకుప్పె

లేదండీ, నారింజ రంగులో ఉంది, మూతపెట్టి ఉంచాను.

తూనికరాయి

మంచి పని చేశారు. రోటావాప్ (తక్కువ పీడనంలో ద్రావణిని ఆవిరి చేసే యంత్రం) మీద సగానికి తగ్గించి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకొంత దిగుతుంది. 1982లో ఇనార్గానిక్ సింథెసిస్ 21వ సంపుటంలో బెనెట్ బృందం ఇచ్చిన పద్ధతిలో ఈ మెట్టు కూడా ఉంది. 2 గ్రాములతో మొదలుపెట్టి, రెండు విడతలూ కలిపి 1.8 నుంచి 2 గ్రాములు తీశారు.

ఊదారంగు

రెండో చిక్కు దగ్గరికి ఎవరూ రాలేదు, నేనొస్తాను. టీఎస్-డీపెన్ నాకు ప్రాణం.

గాజుకుప్పె గారూ, మీరు కాటలిస్టు చేసేటప్పుడు ఏది ఎన్ని మిల్లీగ్రాములు వేశారో అచ్చంగా నోట్‌బుక్‌లో ఉన్నట్టు రాయండి. "ఒక ఈక్వివలెంట్" అని రాయొద్దు. తూకాలు కావాలి.

గాజుకుప్పె

డైమర్ 6.1 మి.గ్రా., టీఎస్-డీపెన్ 3.7 మి.గ్రా. ఐసోప్రొపనాల్‌లో కొంచెం ట్రైఇథైల్ అమీన్ వేసి 80 డిగ్రీల దగ్గర గంటసేపు. తర్వాత అసిటోఫినోన్ 480 మి.గ్రా., మొత్తం ఐసోప్రొపనాల్ 40 మి.లీ., చివర్లో కేఓహెచ్. గది ఉష్ణోగ్రత.

ఊదారంగు

దొరికింది.

డైమర్ 6.1 మి.గ్రా. అంటే 0.01 మిల్లీమోల్. అందులో రుథేనియం 0.02 మిల్లీమోల్. టీఎస్-డీపెన్ అణుభారం 366.5, మీరు వేసిన 3.7 మి.గ్రా. అంటే 0.01 మిల్లీమోల్. డైమర్‌ని ఒక్క అణువుగా లెక్కేశారు. రెండు రుథేనియాలకి ఒక్క లిగాండ్ దక్కింది. సగం లోహం లిగాండ్ లేకుండా తిరుగుతోంది. వేయాల్సింది 7.3 మి.గ్రా.

ఈఈ తగ్గడానికీ అదే కారణం కావచ్చు. లిగాండ్ పట్టని రుథేనియం కూడా బేస్, ఐసోప్రొపనాల్ ఉంటే నెమ్మదిగా కీటోన్‌ని రెడ్యూస్ చేయగలదు. కానీ దానికి కుడి ఎడమల తేడా తెలియదు, రెండు రూపాలూ సమానంగా ఇస్తుంది. ఆ సమానం మీ మంచి ఉత్పత్తిలో కలిసి ఈఈని కిందికి లాగుతుంది.

ఈ తప్పు చేయని వాళ్ళు నాకు కనబడలేదు. పేపర్లు చదివేటప్పుడు కూడా చూడండి: ఒకరు డైమర్ 0.5 మోల్ శాతం అంటారు, ఇంకొకరు రుథేనియం 1 మోల్ శాతం అంటారు. రెండూ ఒకటే. చూసుకోకపోతే సగమో రెట్టింపో అవుతుంది.

గాజుకుప్పె

అయ్యో. ఇంత చిన్న లెక్క! మూడు వారాలు దీని మీదే పోయాయి.

పియానోస్టూల్

పోలేదు. డైమర్ అన్న మాట ఇక మీరు ఈ జన్మలో మర్చిపోరు.

ఊదారంగు గారూ, గాజుకుప్పె గారి కోసం ఆ ఊదా రంగు సంగతి కూడా చెప్పండి. చదివే మిగతా వాళ్ళకీ పనికొస్తుంది.

ఊదారంగు

తప్పకుండా. ఈ కాటలిస్టు ఎలా పనిచేస్తుందో కంటితో చూడొచ్చు, అందుకే నాకు ఇంత ఇష్టం.

నోయోరి, ఇకారియా, హషిగుచి వాళ్ళ బృందం 1995లో టీఎస్-డీపెన్, ఎరీన్ (సైమీన్ లాంటి బెంజీన్ వలయం) రుథేనియం జోడీని బయటపెట్టింది. ఐసోప్రొపనాల్‌లో మెసిటిలీన్ డైమర్ వాడి అసిటోఫినోన్‌ని 97 శాతం ఈఈతో రెడ్యూస్ చేశారు. 2001లో నోయోరికి నోబెల్ వచ్చింది, అసిమెట్రిక్ హైడ్రోజనేషన్ మొత్తానికి.

మొదట డైమర్, లిగాండ్ కలిస్తే నారింజ రంగు క్లోరైడ్ కాంప్లెక్సు వస్తుంది. 18 ఎలక్ట్రాన్లున్నది, నింపాదిగా ఉంటుంది. దాన్ని డైక్లోరోమీథేన్‌లో కరిగించి, పొడి చేసిన కేఓహెచ్ వేసి కలపండి. కొన్ని క్షణాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత పొడి నలుసుల చుట్టూ ముదురు రంగు చారలు లేస్తాయి, అవి పాకుతూ కుప్పె అంతా అల్లుకుంటాయి. చూస్తుండగానే ద్రావణమంతా నేరేడు పండు రంగుకి తిరుగుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ బయటికి పోయి, 16 ఎలక్ట్రాన్ల కాంప్లెక్సు మిగిలిందన్నమాట. లోహం మీద ఒక చోటు ఖాళీ. నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఒకటి తగ్గింది.

ఇప్పుడు దీనికి ఐసోప్రొపనాల్ తగిలించండి. ఊదా మాయమై మళ్ళీ నారింజ-పసుపు. ఐసోప్రొపనాల్ తన రెండు హైడ్రోజన్లనూ ఇచ్చేసి అసిటోన్ అయిపోయింది. ఒకటి రుథేనియం మీద హైడ్రైడ్‌గా, ఇంకొకటి నైట్రోజన్ మీద ప్రోటాన్‌గా చేరాయి. కీటోన్ దగ్గరికి వస్తే ఆ రెండూ ఒకేసారి దానికి వెళ్ళిపోతాయి, ఆరు పరమాణువుల వలయంలాంటి దారిలో. కీటోన్ లోహాన్ని అసలు తాకదు, బయటి నుంచే పుచ్చుకుంటుంది. హైడ్రోజన్లు అప్పగించిన కాంప్లెక్సు మళ్ళీ ఊదా. ఈ మూడు రూపాలనీ విడిగా వేరుచేసి, స్ఫటికాలు తీసి నిరూపించారు 1997లో.

సైమీన్ వలయం ఊరికే కూర్చోలేదు కూడా. వలయం మీది సి-హెచ్, వచ్చే కీటోన్‌లోని ఆరోమాటిక్ వలయం ఒకదాన్నొకటి మెల్లగా ఆకర్షించుకుంటాయి. అసిటోఫినోన్ లాంటి కీటోన్లకి ఎడమా కుడీ నిర్ణయమవడంలో ఆ ఆకర్షణ పాత్ర పెద్దదని 2001లో నోయోరి బృందమే లెక్కలతో చూపించింది.

గాజుకుప్పె

ఇది చదివి రెండుసార్లు లేచి నడిచాను. ఊదారంగు గారూ, పుస్తకంలో బాణం గుర్తులుగా చూసినదాన్ని ఇలా రంగుల్లో ఎవరూ చెప్పలేదు.

ఇంకో సందేహం. నేను చేసిన నారింజ కాంప్లెక్సు ఎన్‌ఎమ్‌ఆర్‌లో 5 నుంచి 6 మధ్య నాలుగు డబ్లెట్లు ఉన్నాయి. డైమర్‌లో రెండే కదా. ఇది కూడా మిశ్రమమా?

రాత్రిషిఫ్టు

ఇది నా వంతు. మిశ్రమం కాదు, నాలుగు రావాలి!

డైమర్‌లో సైమీన్ వలయాన్ని మిథైల్ నుంచి ఐసోప్రొపైల్ వరకూ నిలువుగా కోస్తే రెండు సగాలూ ఒకటే. అందుకే నాలుగు ఆరోమాటిక్ ప్రోటాన్లు రెండు జతలై రెండు డబ్లెట్లు ఇస్తాయి. కప్లింగ్ 6 హెర్ట్జ్ దగ్గర. ఐసోప్రొపైల్‌లోని రెండు మిథైల్స్ కూడా ఒకే డబ్లెట్‌గా 1.28 దగ్గర.

టీఎస్-డీపెన్ కైరల్, అంటే అద్దంలోని తన ప్రతిబింబంతో సరిపోలదు. అది కట్టుకున్నాక లోహం కూడా కైరల్. వలయం ఎడమ సగానికి కనిపించే పరిసరం, కుడి సగానికి కనిపించేది వేరు. నాలుగు ప్రోటాన్లు నాలుగు చోట్ల వస్తాయి. ఐసోప్రొపైల్ మిథైల్స్ కూడా రెండు డబ్లెట్లుగా విడిపోతాయి, 1 నుంచి 1.4 మధ్య వెతకండి. అవి రెండూ కనిపిస్తే లిగాండ్ నిజంగా లోహం మీద ఉన్నట్టు. సైమీన్ మనకి ఊరికే దొరికిన గూఢచారి.

మీ స్పెక్ట్రంలో ఈ నాలుగింటితో పాటు 5.34, 5.47 కూడా మిగిలి ఉండాలి. లిగాండ్ సగమే వేశారు కాబట్టి.

గాజుకుప్పె

చూసి వచ్చాను. ఉన్నాయి! చిన్నవనుకుని మలినాలని రాసుకున్నాను. నా తప్పు అక్కడే కళ్ళ ముందే ఉంది.

బంధవిచ్ఛేదం

ఆలస్యంగా వచ్చాను. అంతా చదివాను, బాగుంది. కానీ సైమీన్ ఎప్పుడూ లోహం మీదే కూర్చుంటుందని కొత్తవాళ్ళు అనుకునే ప్రమాదం ఉంది. మేం ఈ డైమర్‌ని సి-హెచ్ ఎరిలేషన్‌కి (కార్బన్-హైడ్రోజన్ బంధం చోట ఆరోమాటిక్ వలయాన్ని అతికించడానికి) వాడతాం. డైమర్, కార్బాక్సిలేట్, ఫినైల్‌పిరిడీన్ లాంటి సబ్‌స్ట్రేట్ (మార్చాల్సిన అణువు), 120 డిగ్రీల దాకా వేడి. మా కుప్పెల్లో విడి సైమీన్ కనిపిస్తుంది. 2018లో లరోసా బృందం చూపించింది కూడా అదే: వలయం ఊడిపోయి, రెండు సబ్‌స్ట్రేట్లు లోహాన్ని పట్టుకున్న రూపమే అసలు పని చేస్తుంది. అలాంటి చోట సైమీన్ బరువే.

పియానోస్టూల్

ఒప్పుకుంటాను. నేను చెప్పింది గది ఉష్ణోగ్రత దగ్గర టీఎస్-డీపెన్ విషయంలో. వేడిలో వలయం కదులుతుందనడానికి పాత సాక్ష్యమే ఉంది. హెక్సామిథైల్‌బెంజీన్ డైమర్ కావాలంటే దానికి సరిపడే డైయీన్ (ఫెలాండ్రీన్‌లా రెండు జంటబంధాలున్న అణువు) చేయడం కష్టం. అందుకని సైమీన్ డైమర్‌ని హెక్సామిథైల్‌బెంజీన్‌తో కలిపి 180 డిగ్రీల దగ్గర రెండు గంటలు కరగబెడతారు. హెక్సామిథైల్‌బెంజీన్ 165 దగ్గరే కరుగుతుంది కాబట్టి అదే ద్రావణి. సైమీన్ 177 దగ్గర మరుగుతుంది కాబట్టి పైకి లేచి పోతుంది, తిరిగి రాదు. ఎలక్ట్రాన్లు ఎక్కువున్న వలయం లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఎంత అందమైన ఉపాయమో చూడండి, వేరే ద్రావణీ లేదు, వేరే రియేజెంటూ లేదు.

బంధవిచ్ఛేదం

అదే. మాకు ఊడిపోవాలి, ఊదారంగు గారికి అతుక్కుని ఉండాలి. ఒకే సీసాలోది ఇద్దరం వాడుతున్నాం.

నీటిచుక్క

నేను కెమిస్టుని కాను, కణాల మీద మందులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఈ చర్చ మొదటి పోస్టు చదివి నాకు చెమటలు పట్టాయి. మాకు వచ్చే రుథేనియం సైమీన్ కాంప్లెక్సులన్నీ డీఎమ్ఎస్ఓలో కరిగించి స్టాక్ చేసి ఫ్రీజర్‌లో పెడతాం. అంటే మేం పరీక్షిస్తున్నది సీసా మీద రాసినదాన్నేనా?

పియానోస్టూల్

చాలా ముఖ్యమైన ప్రశ్న. కాంప్లెక్సుని బట్టి ఉంటుంది. డైమర్‌నే డీఎమ్ఎస్ఓలో వేస్తే అది డైమర్‌గా ఉండదు, పైన చూశాం. ఒక్క చేత్తో పట్టుకునే లిగాండ్లు, ఉదాహరణకి పిరిడీన్ రకాలు, డీఎమ్ఎస్ఓ గుంపులో నిలబడలేకపోవచ్చు. రెండు చేతులతో పట్టుకునే కీలేట్లు మేలు. సిస్‌ప్లాటిన్‌కీ ఇదే గొడవ ఉంది. డీఎమ్ఎస్ఓ దాని క్లోరైడ్‌ని తోసి ప్లాటినం మీద కూర్చుంటుంది, మందు గుణం మారిపోతుంది.

మీరు చేయగలిగింది: స్టాక్ చేయాలనుకున్న గాఢతలోనే డీఎమ్ఎస్ఓ-డీ6లో కరిగించి, వెంటనే ఒకసారి, 24 గంటలకి ఒకసారి, ఫ్రీజర్ నుంచి తీశాక ఒకసారి ఎన్‌ఎమ్‌ఆర్ తీయించండి. 5.77, 5.82 తలెత్తాయా, 7.1 వచ్చిందా చూడండి. కెమిస్ట్రీ వాళ్ళకి అది పావుగంట పని.

నీళ్ళలో కూడా క్లోరైడ్లు ఊడి, వాటి చోట నీళ్ళు చేరతాయి. లవణం ఎక్కువుంటే క్లోరైడ్ తిరిగి వస్తుంది. రాప్టా-సి అన్న కాంప్లెక్సు విన్నారా? డైసన్ బృందం 2001లో చెప్పింది. సైమీన్, రెండు క్లోరైడ్లు, నీటిలో కరిగే పీటీఏ అనే ఫాస్ఫీన్. మన ఈ డైమర్‌కి పీటీఏ కలిపితే వంతెన తెగి నేరుగా వచ్చేదే. పాత్రలోని కణాల మీద దాని విషప్రభావం తక్కువే. కానీ ఎలుకల్లో ఊపిరితిత్తులకి పాకిన గడ్డలను తగ్గించింది. అలాంటివాటి మీద పనిచేసేటప్పుడు కణానికి చేరింది ఏ రూపమో తెలియకపోతే ఫలితానికి అర్థం చెప్పలేం.

నీటిచుక్క

ఫ్రీజర్‌లో ఇలాంటివి పదకొండు స్టాకులున్నాయి. రేపు మొదటి పనే ఇది. గాజుకుప్పె గారూ, మీ ప్రశ్న మా ల్యాబుకి ఎంత మేలు చేసిందో మీకు తెలియదు.

తూనికరాయి

గాజుకుప్పె గారికి ఇంకొక్క సలహా. 6.1 మి.గ్రా. తూచడం కష్టమని స్టాక్ ద్రావణం చేయాలనిపిస్తుంది. చేయండి, కానీ డైక్లోరోమీథేన్‌లో. కొలిచి పోసుకుని, ద్రావణిని తీసేసి, ఆ కుప్పెలోనే లిగాండ్ వేసుకోండి. అసిటోనైట్రైల్, పిరిడీన్, డీఎమ్ఎస్ఓ జోలికి పోవద్దు.

డైమర్ ఎంత స్వచ్ఛమో తేల్చడానికి నా సొంత పరీక్ష ఒకటుంది. డైమర్ 6.1 మి.గ్రా., ట్రైఫినైల్ ఫాస్ఫీన్ 5.2 మి.గ్రా., అంటే సరిగ్గా రెండు ఈక్వివలెంట్లు. డ్యుటీరియో క్లోరోఫామ్‌లో కలిపి ఫాస్ఫరస్ ఎన్‌ఎమ్‌ఆర్. రుథేనియం మీద ఎక్కిన ఫాస్ఫీన్ 24 దగ్గర వస్తుంది, విడిది మైనస్ 5 దగ్గర. డైమర్ మంచిదైతే మైనస్ 5 దగ్గర ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే మీరు తూచిన పొడిలో అంత మేర రుథేనియం డైమర్ లేదు.

ఊదారంగు

అద్భుతమైన పరీక్ష, ఇది నేనూ మొదలుపెడతాను.

గాజుకుప్పె గారూ, రెండోసారి చేసేటప్పుడు ఇంకో రెండు గమనించండి. ఐసోప్రొపనాల్ పద్ధతి వెనక్కి కూడా నడుస్తుంది. ఉత్పత్తి ఆల్కహాల్, అసిటోన్ కలిసి మళ్ళీ కీటోన్ అవుతాయి. అందుకే 0.1 మోలార్ దాటించొద్దు. మార్పిడి పూర్తయ్యాక కూడా గంటల తరబడి వదిలేస్తే ఈఈ తరుగుతుంది. ఆ బాధ వద్దనుకుంటే ఫార్మిక్ యాసిడ్, ట్రైఇథైల్ అమీన్ 5:2 మిశ్రమం వాడండి. కార్బన్ డైఆక్సైడ్ బయటికి పోతుంది కాబట్టి వెనక్కి రాదు, గాఢత కూడా పెంచుకోవచ్చు. కానీ కుప్పె మూత బిగించకండి. కార్బన్ డైఆక్సైడ్‌తో పాటు కొంత హైడ్రోజన్ కూడా వస్తుంది. వాయువుకి దారి ఉండాలి.

గాజుకుప్పె

(ఆరు రోజుల తర్వాత)

అందరికీ మళ్ళీ నమస్కారం. చేసినవన్నీ రాస్తున్నాను.

పాత ద్రవాన్ని సగం చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు అడుగున మెరుస్తూ ఎర్రటి రవ్వ, 0.09 గ్రాములు. మొత్తం 0.95. రుథేనియం శాతంతో లెక్కేస్తే 78 శాతం.

రెండు విడతలనీ హెక్సేన్‌తో మూడుసార్లు కడిగి, రాత్రంతా వ్యాక్యూమ్‌లో ఉంచాను. డ్యుటీరియో క్లోరోఫామ్‌లో 5.47, 5.34 రెండు డబ్లెట్లు, 2.92 దగ్గర సెప్టెట్, 2.16 సింగ్లెట్, 1.28 డబ్లెట్. 7.1 దగ్గర గీత నున్నగా ఉంది. తూనికరాయి గారి ఫాస్ఫీన్ పరీక్ష: 24.3 ఒక్కటే, మైనస్ 5 దగ్గర ఏమీ లేదు.

కాటలిస్టు: డైమర్ 6.1, టీఎస్-డీపెన్ 7.3. నారింజ కాంప్లెక్సులో నాలుగు డబ్లెట్లు, డైమర్ పీకులు లేవు. 15 గంటలకి మార్పిడి 93 శాతం, ఈఈ 96. అక్కడే ఆపేశాను.

కొంచెం కాంప్లెక్సు మిగిలితే డైక్లోరోమీథేన్‌లో వేసి కేఓహెచ్ పొడి కలిపాను. ఊదారంగు గారు చెప్పినట్టే, ముందు ఏమీ లేదు, తర్వాత నలుసుల చుట్టూ చారలు. మా ల్యాబులో ముగ్గురం కుప్పె చుట్టూ నిలబడిపోయాం. ఐసోప్రొపనాల్ రెండు చుక్కలు వేస్తే నేరేడు రంగు పోయి తేనె రంగు.

ఊదారంగు

ఫోటో తీశారా?

గాజుకుప్పె

తీయాలని గుర్తొచ్చేసరికి తేనె రంగే మిగిలింది. ఇంకో 4 మి.గ్రా. పక్కన పెట్టాను, రేపు తీస్తాను.

నీటిచుక్క

నాదీ రాయాలి. పదకొండు స్టాకుల్లో ఎనిమిది బాగున్నాయి, అన్నీ కీలేట్లే. మూడింటిలో 5.77, 5.82 తలెత్తాయి, ఆ మూడూ పిరిడీన్ లిగాండ్లవి. వాటి మీద చేసిన పరీక్షలన్నీ పక్కన పెట్టాం. పొడి మిగిలి ఉంది కాబట్టి మళ్ళీ చేస్తాం, ఈసారి ప్రయోగం చేసే పూటే నీళ్ళ బఫర్‌లో కరిగించి.

పియానోస్టూల్

ఆ బఫర్‌లో క్లోరైడ్ ఎంత ఉందో కూడా రాసిపెట్టుకోండి. ఫాస్ఫేట్, అమీన్ ఉన్న బఫరైతే అవి కూడా లోహాన్ని పట్టుకోవచ్చు. ముందు డ్యుటీరియం నీళ్ళలో, అదే లవణంతో ఒక ట్యూబు తీసి చూసి మొదలుపెట్టండి.